వృద్ధుల కోసం పల్లెలోని పాత ఇంటిని మార్చుకోవాలా, పడగొట్టి కొత్తది కట్టాలా?

పునాది, గోడలు గట్టిగా ఉంటే మార్చుకోవడమే మేలు. పునాది కుంగి గోడల పగుళ్లు పెరుగుతుంటేనే కొత్తది కట్టాలి. దూలాలకు చెద పట్టినంత మాత్రాన ఇల్లు కూల్చనక్కర్లేదు, పైకప్పు మార్చవచ్చు.

ఎందుకంటే పెద్దవాళ్లకు ప్రమాదం ఎత్తైన గడప, తడి నేల, రాత్రిపూట పెరటి మరుగుదొడ్డికి నడక దగ్గరే ఎక్కువ. వాటిని విడిగా సరిచేయవచ్చు. పైగా అలవాటైన ఇంట్లో చీకట్లోనూ అడుగు తడబడే అవకాశం తక్కువ.

ఉదాహరణకు చంద్రగిరి వైపు ఒక పల్లెటింటికి అడుగున్నర ఎత్తు అరుగు ఉందనుకోండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల లెక్కన 18 అడుగుల వాలుబాట (ర్యాంపు) కావాలి. వాకిట్లో అంత చోటు లేకపోతే మలుపు తిప్పి కట్టవచ్చు. పడకగది పక్కనే మరుగుదొడ్డి, గోడకు పట్టుకమ్మీ తప్పనిసరి.

కొత్త ఇల్లయితే దానంతటదే క్షేమమనుకోవడం పొరపాటు. నున్నటి టైల్స్, మేడమీద పడకగది ఉన్న కొత్త ఇల్లు మోకాళ్ల నొప్పులున్న అమ్మకు పాత ఇంటి కన్నా కష్టం.