విదేశీ సమ్మర్ కోర్సుకు వెళ్లేముందు మన ఊరి లెక్క రాసుకోండి

కడపలో ఎంబీఏ చదువుతున్నానని, నాటకాలంటే ఇష్టమని, యూరప్‌లో రెండు మూడు వారాల ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ (కళాసంస్థలను, ప్రదర్శనలను నడిపించడం నేర్పే) సమ్మర్ కోర్సు చేస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు.

కచ్చితంగా ఉంటుంది. ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో మాత్రం వెళ్లకండి. నేను అనంతపురంలో ఒక చిన్న కళాసంస్థకు లెక్కలు రాస్తాను. తోలుబొమ్మలాటలు, పౌరాణిక నాటకాలు వేయిస్తుంటాం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఇలాంటి కోర్సు చేసి వచ్చాను. "కోర్సుకని వెళ్లి అక్కడే సెటిల్ కావచ్చు" అని కన్సల్టెన్సీల వాళ్లు పిల్లల దగ్గర డబ్బు గుంజుతున్నారు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ స్వల్పకాల వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. కోర్సు అయ్యాక చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్, కొన్ని క్రెడిట్లు, అంతే.

మరి ఎందుకు వెళ్లాలో చెప్తాను. రెండో వారంలో మా మేడమ్ ఒక పని ఇచ్చారు. ఎవరి ఊళ్లోని ప్రదర్శనకు వాళ్లు ఒక పేజీ బడ్జెట్ రాయాలి. నేను తోలుబొమ్మలాటకు పేరున్న మా దగ్గరి ఊరు నిమ్మలకుంట బృందంతో ఒక రాత్రి రామాయణం ఆడించడానికి రాశాను. వ్యాన్, మైకు, షామియానా, భోజనాలు, బృందానికి మొత్తంగా ఇచ్చే సొమ్ము. ఆమె చదివి, "బృందంలో ఎంతమంది? ఎవరి వాటా ఎంత?" అని అడిగారు. "ఒకే కుటుంబం మేడమ్. పెద్దాయన బొమ్మలాడిస్తాడు, భార్య సీత పాటలు పాడుతుంది, కొడుకులు హార్మోనియం, మద్దెల. డబ్బు పెద్దాయన చేతికిస్తాం" అన్నాను. ఆమె నన్ను బోర్డు దగ్గరికి పిలిచి ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఎన్ని గంటల పనో రాయమన్నారు.

నా దగ్గర ఆ లెక్క లేదు. అక్కడి నుంచే పెద్దాయనకు ఫోన్ చేశాను. రిహార్సల్‌కు ఎన్ని గంటలు పడుతుందని అడిగితే, "రిహార్సలేంది సామీ, పుట్టినప్పటి నుంచీ అదే పని కదా" అన్నాడు. ఒక బొమ్మకు ఎంతసేపు పడుతుందని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పుకొచ్చాడు. మేక తోలు నానబెట్టాలి, వెంట్రుకలు గీకాలి, ఎండబెట్టాలి, గీత గీయాలి, ఉలితో చిల్లులు పొడవాలి, రెండు వైపులా రంగులు వేయాలి. చిరిగిన బొమ్మలు కుట్టేదెవరంటే కోడళ్లు. ఆట ఉన్న రోజు అందరికీ వండేదీ వాళ్లే. ఆ గంటలన్నిటికీ మామూలు కూలీ రేటు వేసి కూడితే, మేం ఇచ్చే సొమ్ముకు మూడింతలు దాటింది. క్లాసులో పోర్చుగల్ అమ్మాయి, ఘనా అబ్బాయి తమ బడ్జెట్లు కూడా వెనక్కి తీసుకుని మళ్లీ రాసుకున్నారు. ఆ ఒక్క మధ్యాహ్నం కోసమైనా ఆ ఫీజు కట్టొచ్చు.

ఆ మరుసటి రోజు బౌమోల్, బోవెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన సంగతి పాఠంగా వచ్చింది. మిషన్లు వచ్చి ఫ్యాక్టరీలో ఒక మనిషి చేసే సరుకు పెరిగింది, దాంతో జీతాలూ పెరిగాయి. కచేరీకి మాత్రం రెండు వందల ఏళ్ల కిందట ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. కాబట్టి కళకు ఖర్చు పెరుగుతూనే పోతుంది, టికెట్ల డబ్బు దాన్ని అందుకోలేదు. నిమ్మలకుంటలో ఇప్పుడు బొమ్మల తోలుతోనే ఎక్కువగా ల్యాంప్‌షేడ్లు ఎందుకు చేస్తున్నారో నాకు అప్పుడు అర్థమైంది. ల్యాంప్‌షేడ్ పదిమందికి పది అమ్మొచ్చు. రాత్రంతా ఆడే ఆట ఒక్కసారే అమ్ముడుపోతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, అందరం సంతోషించాం. కానీ అవార్డు వల్ల ఈ లెక్క మారదు.

మన దగ్గర దీనికి మందు శాలువా అనుకుంటారు. నాకు మండేది ఇక్కడే. ఆరు గంటలకు ఆట అని పిలుస్తారు, తొమ్మిది దాకా నాయకుల ప్రసంగాలు. కళాకారులు రంగు పూసుకుని పక్కన కూర్చునే ఉంటారు. చివర్లో శాలువా, జ్ఞాపిక, ఒక ఫొటో. జ్ఞాపికల ఖర్చు మద్దెల వాయించినవాడికి ఇచ్చినదాని కంటే ఎక్కువైన సభలు నేను చూశాను, ఆ బిల్లులు పాస్ చేసింది నేనే కాబట్టి గట్టిగా చెప్పగలను. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వం పెద్ద సంస్థలకు నాలుగేళ్లకు ఒకసారి నిధులు ఖరారు చేస్తుంది. వచ్చే ఏడాది జీతం ఉంటుందో లేదో అన్న టెన్షన్ లేకుండా వాళ్లు కొత్త నాటకం ఆలోచించుకుంటారు. మన బృందాలకు వచ్చే వారం ఆట ఉందో లేదో తెలియదు.

మీది కడప జిల్లా. 1885లో వనారస గోవిందరావు గారు నాటక సమాజం మొదలుపెట్టిన సురభి గ్రామం మీ జిల్లాలోనే ఉంది. వాళ్ల పూర్వీకులవీ తోలుబొమ్మలాట కుటుంబాలే. వెళ్లేముందు ఏదో ఒక నాటక కుటుంబం దగ్గర కూర్చుని ఒక ఏడాది ఆటలు, రాబడి, ఎవరు ఏ పని చేశారు అన్నీ రాసుకోండి. ఆ నోట్‌బుక్ లేకుండా వెళ్తే అక్కడ మ్యూజియంలు చూసి వస్తారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్‌లో బడ్జెట్ ప్రాక్టికల్‌గా చేయిస్తారో లేదో ఈమెయిల్ పెట్టి అడగండి, ఫీజులో వసతి కలుస్తుందో లేదో కూడా. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, వేసవి దగ్గరపడితే వీసా అపాయింట్‌మెంట్ స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి ఫిబ్రవరి, మార్చిలోనే చూసుకోండి.