ఒక్క కణం రొయ్యనెలా కుంగదీస్తుంది?

ప్రశ్న: మా వనామి రొయ్యల చెరువులో రెండు నెలలు దాటినా కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రావడం లేదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ల్యాబ్‌లో పీసీఆర్ (జన్యు పదార్థం వెతికే పరీక్ష) చేసి ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బు క్రిమి ఉందన్నారు, అది ఏకకణ జీవట. ఒక్క కణం అన్ని కణాలున్న రొయ్యనెలా దెబ్బతీస్తుంది? అసలు ఈ రెండు రకాల జీవులకీ తేడా ఏంటి?
– ఒక రైతు, ఇందుకూరుపేట

జవాబు: ఏకకణం అనగానే ఒక్కటే ఉంటుందనుకుంటున్నారు మీరు, చిక్కంతా అక్కడే. ఒక్కో జీవికి ఒక్కటే కణం, అంతే. జీవులు మాత్రం మీ రొయ్య ఒంట్లో లెక్కలేనన్ని.

తేడా తెలియాలంటే మీ చెరువు నీళ్లే చాలు. నీటికి పచ్చరంగు తెచ్చే నాచులో చాలా రకాలు ఏకకణ జీవులే, ఎండలో తిండి తయారుచేసుకోవడం, వ్యర్థాలు వదలడం, సంతతిని పెంచడం అన్నీ ఆ ఒక్క కణమే చూసుకోవాలి. అది రెండుగా చీలితే రెండు జీవులు. రొయ్యలో కణం చీలితే ఇంకో రొయ్య పుట్టదు, ఉన్న రొయ్యే పెరుగుతుంది. పైగా అక్కడ పని పంచేసుకున్నాయి కదా, మొప్పల కణానికి తిండి అరిగించడం రాదు, కండ కణానికి నీళ్లలోంచి ఆక్సిజన్ పట్టడం రాదు, విడదీసి చెరువులో వేస్తే ఏదీ బతకదు.

ఈహెచ్‌పీ దెబ్బకొట్టేది సరిగ్గా ఈ పంపకాన్నే. థాయ్‌లాండ్ టైగర్ రొయ్యల్లో కనిపించిన దీనికి 2009లో పేరు పెట్టారు, శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. దాని బీజం (గట్టి గోడతో బయట బతికే విత్తులాంటి రూపం) మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు, లోపల చుట్ట చుట్టుకున్న సన్నటి గొట్టం. రొయ్య మింగాక ఆ గొట్టం ఒక్కసారిగా బయటికొచ్చి లివర్ కణంలోకి దిగి, ఇంజక్షన్ సూదిలా తన సరుకంతా ఎక్కించేస్తుంది. ఇది నాచులా కష్టజీవి కాదు, సొంతంగా శక్తి పుట్టించుకునే ఏర్పాట్లు దాదాపు వదిలేసుకుంది, కాబట్టి రొయ్య కణం సంపాదించిందే కాజేసి పెరిగి, మళ్లీ బీజాలై, మలంతో బయటపడి పక్క రొయ్యకు అంటుకుంటుంది. తిండి అరిగించి నిల్వచేసే కణాలే పాడైతే మిగతా ఒళ్లంతా పస్తే, అందుకే మీ రొయ్య వెంటనే చావకుండా గిడసబారింది.

బీజం గోడ గట్టిది. పట్టుబడి అయ్యాక చెరువు ఎండబెట్టి, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి దున్ని తడిపి మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 12కి తేవాలి, ఊరికే పైన చల్లితే లాభం లేదు. సీడ్‌కి, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలకి, పీసీఆర్ చేయించకుండా మాత్రం దించకండి. అన్నట్టు, వైట్ స్పాట్ అనే ఇంకో రొయ్యల జబ్బుని దీంతో కలపకండి, దాన్ని తెచ్చేది వైరస్, దానికి ఆ ఒక్క కణం కూడా లేదు.