గెలాక్సీ ఎక్కడుందన్నదాన్ని బట్టి అందులో నక్షత్రాలు పుట్టడం మారుతుందా?

మారుతుందండీ, గుంపులో ఉందా ఒంటరిగా ఉందా అన్నదాన్ని బట్టి. మీరు అడిగింది దూరపు గెలాక్సీల్లో కూడా ఇలాగే ఉంటుందా అని, అక్కడికి చివర్లో వస్తాను, ముందు దగ్గర్లోది చెప్తే అది తేలిగ్గా అర్థమవుతుంది. నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ దీని మీదే.

నాకిచ్చింది కోమా క్లస్టర్, అంటే గెలాక్సీల గుంపు. 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి పైగా గెలాక్సీలు ఒకేచోట గుమిగూడి ఉంటాయి. ఆకాశాన్ని టెలిస్కోప్‌తో మ్యాప్ చేసిన స్లోన్ సర్వే డేటా ఫ్రీగానే దొరుకుతుంది, దాంట్లోంచి ఒక్కో గెలాక్సీ రంగు, వెలుగు తీసుకుని ప్లాట్ వేశాను. నీలం నక్షత్రాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి గెలాక్సీ నీలంగా ఉందంటే అందులో ఈమధ్య కూడా నక్షత్రాలు పుట్టినట్టు, ఎర్రగా ఉందంటే పుట్టడం ఆగిపోయి చాలా కాలమైనట్టు. క్లస్టర్ నడిమధ్యలో ఉన్నవి దాదాపు అన్నీ ఎర్రగా ఒకే గీత మీదకి వచ్చాయి, బయటికి వెళ్ళేకొద్దీ నీలం చుక్కలు పెరిగాయి. రాత్రి రెండింటికి హాస్టల్లో ఆ ప్లాట్ స్క్రీన్ మీద చూశాక ఇంక నిద్ర పట్టలేదు.

పొద్దున్నే తీసుకెళ్తే మా సార్ ఒక్కటే అడిగారు, "మధ్యలో ఉన్నవి చాలావరకు పెద్దవి కదమ్మా, పెద్ద గెలాక్సీలు ఒంటరిగా ఉన్నా ఎర్రగానే ఉంటాయి, మరి ఇందులో చుట్టుపక్కల వాటా ఎంత?" అని. నేను అది చూసుకోలేదు. ఒకే ద్రవ్యరాశి ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి మళ్ళీ చేస్తే తేడా బాగా తగ్గింది, కానీ పోలేదు, చిన్న గెలాక్సీల్లో మాత్రం గట్టిగానే నిలబడింది. 2010లో పెంగ్ అనే శాస్త్రవేత్త బృందం చాలా పెద్ద డేటాతో చూపించింది కూడా ఇదే, ద్రవ్యరాశి ప్రభావం వేరు, పరిసరాల ప్రభావం వేరు అని.

పుట్టడం ఎలా ఆగుతుందంటే, అంతా గ్యాస్ గొడవే, నక్షత్రాలు పుట్టేది చల్లటి గ్యాస్ నుంచే కదా. క్లస్టర్‌లో గెలాక్సీల మధ్య ఖాళీ ఖాళీ కాదు, పల్చటి వేడి గ్యాస్ ఉంటుంది, కోమాలో అయితే దాదాపు 10 కోట్ల డిగ్రీలు. గాలి వీచకపోయినా స్కూటీ మీద స్పీడుగా వెళ్తుంటే చున్నీ వెనక్కి ఎగురుతుంది చూడండి, అలాగే ఆ గ్యాస్‌లోంచి సెకనుకి వందలు వేల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్ళే గెలాక్సీ నుంచి దాని చల్లటి గ్యాస్ వెనక్కి ఊడిపోతుంది, నక్షత్రాలు మాత్రం గెలాక్సీతోనే ఉండిపోతాయి. కోమాలోనే డీ100 అని ఒకటుంది, దాని ఫోటో తప్పకుండా చూడండి, వెనకాల సన్నటి ఎర్రటి తోక, పొడవు 2 లక్షల కాంతి సంవత్సరాలు, వెడల్పు 7 వేలు మాత్రమే. పుట్టుక ఇంక నడిబొడ్డులోనే మిగిలింది, అంచుల్లో అయిపోయింది. ఇంకో దారి నెమ్మదిది, బయటనుంచి కొత్త గ్యాస్ రావడం ఆగిపోతుంది అంతే, వాగు తెగిన చెరువులాగా ఉన్నది వాడుకున్నన్నాళ్ళు వాడుకుని ఎండిపోతుంది.

ఇక మీ ప్రశ్న. ఎంత దూరం చూస్తే అంత పాత వెలుగు, అంటే అంత గతం. 780 కోట్ల ఏళ్ళ క్రితం బయల్దేరిన వెలుగు చూస్తే కథ తిరగబడుతుంది, 2007లో ఎల్బాజ్ అనే శాస్త్రవేత్త బృందం చూసినదాంట్లో గుంపుగా ఉన్నచోటే నక్షత్రాలు ఎక్కువ పుడుతున్నాయి. అన్ని సర్వేల్లో ఇంత స్పష్టంగా రాలేదు, అది కూడా చెప్పాలి. ఇంకా వెనక్కెళ్తే, వెయ్యి కోట్ల ఏళ్ళ కిందటి స్పైడర్‌వెబ్ అనే గుంపులో పుట్టుక జోరుగా సాగుతోంది. అప్పటికి గుంపులు ఇంకా కట్టుకుంటున్నాయి, చల్లటి గ్యాస్ ఇంకా వచ్చి పడుతోంది, కాబట్టి కిక్కిరిసిన చోటే తిండి ఎక్కువ. మన పూణే దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్‌తో 2020లో 7,653 గెలాక్సీల సిగ్నల్ కలిపి చూస్తే, 800 కోట్ల ఏళ్ళ క్రితం వాటి దగ్గరున్న హైడ్రోజన్ అదే జోరులో వాడితే 100, 200 కోట్ల ఏళ్ళకి మించి రాదని తేలింది. సరఫరా ఆగితే ఎంత తొందరగా ఎండిపోతాయో చూడండి.

మీకే చేసి చూడాలనుంటే కోమా డేటాతోనే మొదలుపెట్టండి, కాకపోతే రంగు చూసే ముందే ద్రవ్యరాశి ప్రకారం గ్రూపులు చేసుకోండి, నాకు అక్కడే రెండు వారాలు పోయాయి.