కణాంగాలు గుర్తుండాలంటే ఒక్క ప్రోటీన్ వెంట వెళ్లండి

ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, తెలుగు మీడియం అన్నారు. కణాంగాల (కణం లోపల ఒక్కో పని చేసే భాగాల) పట్టిక ఎన్నిసార్లు చదివినా పరీక్షలో గాల్జీ పని లైసోజోముకి, అంతర్జీవద్రవ్య జాలకం పని గాల్జీకి రాసేస్తున్నానని, ఇవి కలిసిపోకుండా ఏం చేయాలని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఈ పాఠమే చెబుతున్నాను. ఇదే బాధ ప్రతి బ్యాచ్‌లోనూ వింటాను. మీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు. పుస్తకంలో ఒక్కో కణాంగానికి ఒక్కో హెడ్డింగ్ ఉంటుంది, కణంలో మాత్రం అవి ఒకదాని చేతి పని ఇంకొకటి అందుకుంటూ ఉంటాయి. అందుకే మా క్లాసులో పట్టికను చివరికి వాయిదా వేసి, ముందు ఒక ప్రోటీన్ ఎక్కడ పుట్టి ఎటు పోతుందో చెబుతాను.

క్లోమంలోని కణాన్ని తీసుకోండి. తిన్నది అరగడానికి కావాల్సిన ఎంజైములు తయారుచేసి బయటికి పంపడం దాని పని. 1960లలో జార్జ్ పలాడే, జేమ్స్ జేమీసన్ గినీ పిగ్ క్లోమం ముక్కలతో ఒక అందమైన ప్రయోగం చేశారు. రేడియోధార్మికత ఉన్న లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని 3 నిమిషాలు మాత్రమే అందించి, వెంటనే మామూలు లూసిన్‌కి మార్చేశారు. దాంతో ఆ కాసేపట్లో తయారైన ప్రోటీన్లకే గుర్తు పడింది. ఆ గుర్తు ఎక్కడుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన చిత్రాల్లో వెతికారు. మొదట రైబోజోములు అంటుకుని ఉండే గరుకు అంతర్జీవద్రవ్య జాలకం దగ్గర కనిపించింది. సుమారు 20 నిమిషాలకు గాల్జీ ప్రాంతానికి చేరింది. రెండు గంటలు కావస్తుండగా, బయటికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న స్రావక రేణువుల్లో తేలింది. 1974లో పలాడేకి ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ డి డూవ్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. లైసోజోమును కనిపెట్టింది ఆ డి డూవే.

ఈ దారి ఒక్కటి మనసులో పడితే చాలావరకు పాఠం వచ్చేసినట్టే. కేంద్రకంలోని డీఎన్ఏ సమాచారానికి నకలుగా ఎంఆర్ఎన్ఏ తయారై బయటికి వస్తుంది, రైబోజోము దాన్ని చదివి ప్రోటీన్ అల్లుతుంది, జాలకం లోపల అది సరైన ఆకారంలోకి ముడుచుకుంటుంది, గాల్జీలో మార్పులు జరిగి ఎటు వెళ్లాలో తేలుతుంది.

మీకు కలిసిపోతున్న గాల్జీ, లైసోజోముల దగ్గర ఇంకాస్త ఆగుదాం. లైసోజోముకి చేరాల్సిన ఎంజైముల మీద గాల్జీలో మానోజ్-6-ఫాస్ఫేట్ అనే గుర్తు పడుతుంది. ఐ-సెల్ వ్యాధి ఉన్న పిల్లల్లో ఈ గుర్తు వేసే ఎంజైము పనిచేయదు. అప్పుడు లైసోజోములో ఉండాల్సిన ఎంజైములు దారి తప్పి కణం బయటికి, రక్తంలోకి పోతాయి. లైసోజోముల్లో మాత్రం అరగని పదార్థం పేరుకుపోతుంది. పంపించేది గాల్జీ, అరిగించేది లైసోజోము. ఈ వ్యాధి సంగతి విన్నాక ఆ రెండింటినీ తారుమారు చేసి రాసిన పిల్లలు నాకు అరుదుగా కనిపించారు.

ఈ పనులన్నిటికీ శక్తి కావాలి కదా, అది ఏటీపీ రూపంలో ఎక్కువగా మైటోకాండ్రియా నుంచి వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ఏటీపీ అని రాసే ప్రతిసారీ మన తెలుగువాడు గుర్తుకు రావాలని నా కోరిక.

పట్టిక ఎంతవరకు అర్థమైందో చూసుకోవాలంటే ఎర్ర రక్తకణం గురించి ఆలోచించండి. మనిషిలో అది పక్వమయ్యేసరికి కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోజోములు అన్నీ పోతాయి. మరి దానికి శక్తి ఎలా? కణద్రవ్యంలో జరిగే గ్లైకాలిసిస్, అంటే గ్లూకోజును విడగొట్టి ఏటీపీ తీసే ప్రక్రియ ఒక్కటే ఆధారం. పాడైన ప్రోటీన్ స్థానంలో కొత్తది చేసుకోలేదు, దాని ఆయుష్షు 120 రోజులే కావడంలో ఇదీ ఒక కారణం. ఏ కణాంగం లేకపోతే ఏం ఆగిపోతుందని అడుగుతూ చదివితే నీట్ ప్రశ్నలు కూడా తేలికవుతాయి.

వీలైతే ఒక్కసారి కంటితో చూడండి. అక్వేరియం షాపులో దొరికే హైడ్రిల్లా నుంచి లేత ఆకు ఒకటి తుంచి, నీటిచుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేసి 40ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద పెట్టండి. రంగు వేయక్కర్లేదు. మైక్రోస్కోపు లైటు వెచ్చదనానికి కాసేపట్లో హరితరేణువులు వరసగా కదలడం మొదలుపెడతాయి. అవి కణం మధ్యలోంచి పోవు, గోడ వెంబడే చుట్టూ తిరుగుతాయి. మధ్యలో ఉన్న చోటంతా పెద్ద రిక్తికది, అంటే ద్రవంతో నిండిన సంచి (వాక్యూల్)ది. రిక్తిక విడిగా కంటికి ఆనదు, కానీ హరితరేణువులు తిరిగే దారిని బట్టి అది ఎంత మేర ఉందో తెలిసిపోతుంది. బొమ్మలో ఎన్నోసార్లు గీసిన పిల్లలు కూడా ఇక్కడ "సార్, నిజంగా తిరుగుతున్నాయి" అంటారు.

రైబోజోములు, జాలకం మాత్రం ఇందులో కనిపించవు. మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపలేదు, రైబోజోము 20 నుంచి 30 నానోమీటర్లే. అవి కనిపించలేదని స్లైడు మార్చుకుంటూ టైమ్ పోగొట్టుకోకండి. వాటికోసం పుస్తకంలోని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో పక్కన పెట్టుకుని, పైన చెప్పిన దారిని వేలితో గుర్తిస్తూ వెళ్లండి.