తెలిసిన లోపం ఉన్న పోర్షే: ముందు రిపేరా, ముందు డ్రైవా?

మీరు అడిగింది ఇది: "2002 పోర్షే బాక్స్‌స్టర్ ఒకటి బేరానికి వచ్చింది. ఐఎంఎస్ బేరింగ్ ఎప్పుడైనా పోవచ్చని అందరూ భయపెడుతున్నారు. కొన్నాక ముందు అది మార్పించాలా, లేక నడుపుతూ చూసుకోవచ్చా?"

మార్పించండి. నడపకముందే మార్పించండి. అయితే దానికి అందరూ చెప్పే కారణం వేరు, నేను చెప్పబోయేది వేరు. తెలియనివాళ్ళకి: ఐఎంఎస్ అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్, ఇంజన్ లోపల క్రాంకు తిరుగుడుని వాల్వులు నడిపే క్యామ్‌లకి అందించే ఇరుసు. దాని ఒక చివరని మోసేదే ఈ బేరింగ్.

నాది 2003 బాక్స్‌స్టర్ ఎస్. 3.2 లీటర్ల ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్. ఉండేది డాలస్ దగ్గర. ముందు లైట్లు చూసి ఇక్కడివాళ్ళు ఫ్రైడ్ ఎగ్ అని వెక్కిరిస్తారు, మన భాషలో అయితే హాఫ్ బాయిల్. ఆ లైట్ల మీద ఏవగింపూ, ఈ బేరింగ్ మీద భయమూ కలవబట్టే ఇంత మంచి బండి టొయోటా క్యామ్రీ ధరకి దొరుకుతోంది. కాబట్టి భయాన్ని మరీ తిట్టకండి, మనకి డిస్కౌంట్ ఇప్పించింది అదే.

నడిపేయండి అనేవాళ్ళ లెక్క నాకూ తెలుసు. అమెరికాలో ఈ బేరింగ్ మీద కోర్టు కేసు నడిచి 2013లో రాజీ కుదిరింది. ఆ కేసులో బయటికొచ్చిన లెక్క ప్రకారం మొదట్లో వేసిన డబుల్ రో, అంటే రెండు వరసల గుండ్లున్న బేరింగులు పోయింది 1 శాతం లోపే, తర్వాత వేసిన సింగిల్ రో, అంటే ఒకే వరసవి అయితే 8 శాతం దాకా. ఇక కాగితం మీద గుణించేస్తారు. ఇంజన్ పోతే 15,000 డాలర్లు అనుకుందాం, అందులో 8 శాతం అంటే 1,200. ముందుగా మార్పిస్తే అంతకి రెట్టింపు. అంటే మార్పించడం తెలివితక్కువ పని అని తేల్చేస్తారు. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ కారు విషయంలో అంత లెక్క వేసేవాడు రెండే సీట్లున్న, పాతికేళ్ళ కింద మోడల్‌ని, టాపు తీసేసి ఎండలో తిరగడానికి కొనడమేమిటి? ఆ లెక్క నచ్చినవాళ్ళు క్యామ్రీయే కొనుక్కోవాలి. మా ఫ్రెండ్స్ అందరూ నాకు చెప్పింది కూడా అదే అనుకోండి. మనవాళ్ళకి బండి అంటే అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏడుగురు పట్టాలి, వెనక బియ్యం బస్తాలు పట్టాలి, ఐదేళ్ళ తర్వాత అమ్మితే మంచి రేటు రావాలి. ఈ మూడూ లేని బండిని కొన్నవాడిని చూసి పెళ్ళిళ్ళలో కూడా జాలిపడతారు.

అసలు సంగతేమిటంటే, లోపం ఉందని తెలిసినవాడు బండి నడపడు. నడిపినా చెవులు వెనక్కే ఉంటాయి. రేడియో కట్టేస్తాడు. ఏసీ కట్టేస్తాడు. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే ఏదో గలగలమంటే గుండె జారుతుంది. మొదట్లో హైవే ఎక్కడం మానేస్తాడు, తర్వాత వర్షం వంకతో, పని వంకతో బండి గ్యారేజీలోనే ఉంటుంది, మీద కవరు. ఈ బేరింగ్‌కి పడనిది సరిగ్గా అదే. కదలకుండా నెలల తరబడి ఉంచడం, తీసినా పాల ప్యాకెట్ కోసం వీధి చివరి దాకా వెళ్ళొచ్చేయడం. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే నూనెలో చేరిన తేమ అలాగే ఉండిపోతుంది. నన్నడిగితే ఈ బేరింగుల్లో సగం భయం వల్లే పోయాయి. దీనికి రుజువు చూపించమంటే నా దగ్గర లేదు, అయినా ఈ మాట మీద నిలబడతాను.

నేను మార్పించినప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నాడు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. వేసవికి వచ్చి ఇంట్లో ఏమీ తోచక విసుగెత్తి ఉన్నాడు. "బండి రిపేరుకి ఇస్తున్నా నాన్నా, వస్తావా" అంటే చెప్పులేసుకుని ముందే తయారు. నేను వెళ్ళేది కంపెనీ డీలర్ దగ్గరకి కాదు, ఈ బండ్లే చేసే ఒక చిన్న గ్యారేజీకి. అక్కడి పెద్దాయన ముసలి టెక్సాస్ మనిషి. మా నాన్నకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. మామూలుగా అక్కడ కస్టమర్లని లోపలికి రానివ్వరు, కానీ మా నాన్న చేతులు చూసి ఏమనుకున్నాడో ఏమో, స్టూల్ వేసి కూర్చోబెట్టాడు.

పని చూడటానికి బాగుంటుంది. ఈ బండిలో ఇంజన్ సీట్ల వెనక, గేర్‌బాక్స్ దాని వెనక. బేరింగ్ ఉండేది ఇంజన్‌కి ఫ్లైవీల్ వైపు. కాబట్టి గేర్‌బాక్స్ దింపాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ తీయాలి. ఆ తర్వాత టైమింగ్ జారకుండా క్రాంకునీ క్యామ్‌లనీ లాక్ చేసి, చెయిన్ టెన్షనర్లు వదులు చేసి, మూడు బోల్టులున్న చిన్న మూత తీస్తే అప్పుడు కనబడుతుంది. అంత భయానికీ కారణమైన వస్తువు అరచేతిలో పట్టేంత. పుల్లర్ పెట్టి బయటికి లాగి, పెద్దాయన దాన్ని నాకివ్వలేదు, మా నాన్న చేతిలో పెట్టాడు.

మా నాన్న దాన్ని గుడ్డతో తుడిచి, లోపలి రింగులో వేలు పెట్టి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. "ఇదేం పోలేదురా" అన్నాడు. తర్వాత "6204 సైజు కదా ఇది. నీళ్ళ మోటర్లలో వేస్తాం. దీనికేనా నువ్వు వేల డాలర్లు పోస్తుంది?" బేరింగుకి కాదు నాన్నా, కూలీకి అన్నాను. కూలీ ఎంతో గంటల లెక్కన చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

కొంతసేపటికి బేరింగ్ పక్కనున్న సీలు గోటితో గీకుతూ అడిగాడు: "నూనెలో ఉండే బేరింగుకి మూత దేనికి?"

నేను అదే మాట పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి, స్పానర్ కింద పెట్టి గట్టిగా నవ్వాడు. ఈ మొత్తం గొడవకి మూలం అదే. లోపల గ్రీజు పెట్టి సీలు బిగించిన బేరింగ్‌ని తీసుకెళ్ళి ఇంజన్ ఆయిల్ మధ్యలో పెట్టారు. ఏళ్ళ తరబడి వేడికి సీలు గట్టిపడుతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది, నూనె కొంచెం కొంచెంగా లోపలికి దూరుతుంది. దూరిన నూనె పాతబడుతుంది తప్ప బయటికి రాదు, కొత్తది లోపలికి పోదు. చివరికి గుండ్లు అరిగి బేరింగ్ లూజవుతుంది, షాఫ్ట్ ఊగుతుంది, టైమింగ్ తప్పుతుంది, పిస్టన్లు వాల్వులని కొడతాయి. మీ ఇంజన్ కథ అక్కడితో సరి. 2006 నుంచి 2008 దాకా వచ్చిన బండ్లలో ఇంకాస్త పెద్ద బేరింగ్ వేశారు. అది పోవడం తక్కువే, కానీ ఇంజన్ రెండుగా విప్పితే తప్ప బయటికి రాదు. అందుకని ఆ బండ్లకి చాలామంది మెకానిక్‌లు చేసేది ఒక్కటే, క్లచ్ మార్చేటప్పుడు బయటి సీలు పీకేసి నూనె తగలనివ్వడం. మా నాన్న గోటితో గీకి అడిగిన ప్రశ్నే అక్కడ వైద్యం అయింది.

దాంతో ఆయనకి ఊపొచ్చింది. "అయితే ఇదే మూత పీకి మళ్ళీ వెయ్యమను, కొత్తదెందుకు?" అన్నాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి పుల్లర్ వైపు చూపించాడు. మా నాన్నకి మాటల్లేకుండానే అర్థమైంది. పుల్లర్‌తో లాగినప్పుడు ఆ ఒత్తిడంతా గుండ్ల మీద పడుతుంది, అలా లాగిన బేరింగ్ మళ్ళీ వేయకూడదు. "అవున్లే, మేమూ వెయ్యం" అని గొణిగాడు. కానీ ఇంటికొచ్చేదాకా, బాగున్న బేరింగ్ పీకించిన కొడుకుని చూస్తున్నట్టే చూశాడు. పాతది జేబులో వేసుకుని తెచ్చుకున్నాడు కూడా.

బాగున్న బేరింగ్ తీయించి డబ్బు పోగొట్టుకున్నావు కదా అని మీరూ అనొచ్చు. నేనలా అనుకోను. ఆ మరుసటి నెలే టెక్సాస్ హిల్ కంట్రీకి వెళ్ళాను, లేకీ ఊరి చుట్టూ 335, 336, 337 నంబర్ల రోడ్లు ఉంటాయి చూడండి, మలుపు మీద మలుపు. రేడియో పెట్టుకుని, నాలుగు వేల ఆర్‌పీఎం పైనే ఉంచి, ఏ చప్పుడూ వెతక్కుండా నడిపాను. బండి కొన్నది దానికే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే తెలిసిన లోపం అనగానే అన్నిటినీ ఒకే గాట కట్టేస్తున్నారు. జేబు మీదకొచ్చే లోపం వేరు, ప్రాణం మీదకొచ్చే లోపం వేరు. 2014లో పోర్షేవే కొత్త 911 జీటీ3లు రెండు కాలిపోయాయి. పోర్షే వెంటనే అప్పటిదాకా చేసిన 785 కార్ల యజమానులకీ నడపొద్దని చెప్పింది. కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులవడం కారణమని తేలింది, చివరికి అన్నిటికీ ఇంజన్లే మార్చి ఇచ్చింది. అలాంటిదానికి శాతాలూ గుణకారాలూ ఉండవు, తాళం గోడకి తగిలించేయడమే. ఐఎంఎస్ బేరింగ్ ఆ కోవలోకి రాదు. రోడ్డు మధ్యలో ఇంజన్ ఆగితే ప్రమాదం కాదా అంటే, అవుననే అంటాను, కానీ దానికి రీకాల్ ఎప్పుడూ రాలేదు. ఆ కోర్టు రాజీ కూడా బండి అమ్మిన రోజు నుంచి 10 ఏళ్ళు లేదా 1,30,000 మైళ్ళ వరకే. ఇప్పుడు మీ చేతికొచ్చే ఏ బండికీ అది వర్తించదు, ఖర్చు మీదే.

ఇంకో మాట. బేరింగ్ మార్చమని గ్యారేజీకి ఇచ్చేముందు నూనె ఫిల్టర్ విప్పించి చూడమనండి. కాగితం మడతలు విప్పి పరిస్తే తెలిసిపోతుంది. నల్లటి ప్లాస్టిక్ ముక్కలు ఒకటీ రెండూ ఉంటే అవి చెయిన్ గైడ్లవి, వయసైన బండికి మామూలే. మెరిసే రజను ఉండి, అది అయస్కాంతానికి అతుక్కుంటే మాత్రం బేరింగ్ మార్చి లాభం లేదు, ఆ రజను అప్పటికే ఇంజనంతా తిరిగేసి ఉంటుంది. ఇది చూడకుండానే "ముందు మార్చేద్దాం సార్" అనే షాపు నుంచి బయటికొచ్చేయండి. భయపడ్డవాడిని చూస్తే కొందరికి బిల్లు పుస్తకం గుర్తొస్తుంది.

అమ్మేవాళ్ళ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ప్రతి ప్రకటనలోనూ "ఐఎంఎస్ అయిపోయింది" అని రాస్తారు. బిల్లు చూపించమంటే పాత ఓనర్ చేయించాడంటారు. పాత ఓనర్ ఎవరంటే తెలీదంటారు. ఏ బేరింగ్ వేశారు అంటే అసలే తెలీదు. ఏది వేశారన్నది ముఖ్యం. సిరామిక్ గుండ్లవి కొన్నిటికి మళ్ళీ మార్చాల్సిన గడువుంటుంది, ఆ సంగతి అమ్మే కంపెనీయే చెబుతుంది. గుండ్లే లేకుండా, ఇంజన్ నూనె నేరుగా అందేలా చేసిన ప్లెయిన్ బేరింగ్ ఇంకొకటి ఉంది, ఖరీదెక్కువ. బిల్లు మీద పేరూ తేదీ మైళ్ళూ లేకపోతే చేయించనట్టే లెక్కేసుకోండి.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే దారులున్నాయి. 2009 నుంచి వచ్చిన బాక్స్‌స్టర్లలో, కేమన్లలో, మామూలు 911లలో ఈ షాఫ్టే లేదు. అంతకుముందు 911 టర్బో, జీటీ3లలో ఉన్నది వేరే ఇంజన్, హాన్స్ మెజ్గర్ అనే ఇంజనీర్ పేరుతో పిలిచేది, దానికీ ఈ జబ్బు లేదు, కానీ దాని ధర అడిగితే బేరింగ్ ఖర్చు ముద్దొస్తుంది. 1997 నుంచి 1999 దాకా వచ్చిన బాక్స్‌స్టర్లలో డబుల్ రో ఉంటుంది, 2000, 2001లలో రెండూ కలగాపులగం.

మీది 2002 కాబట్టి సింగిల్ రో అనే అనుకోండి. ఇందాక చెప్పినట్టు ఖర్చులో ఎక్కువ భాగం గేర్‌బాక్స్ దింపే కూలీయే. అదెలాగూ దింపుతారు కాబట్టి క్లచ్, వెనక ఆయిల్ సీలు కూడా అదే దెబ్బకి మార్పించేయాలి. అందుకని అమ్మేవాడిని క్లచ్ ఎప్పుడు మార్చారో అడగండి. ఈ మధ్యే మార్చాం, బేరింగ్ మాత్రం ముట్టుకోలేదు అన్నాడనుకోండి, అదే కూలీ మీరు రెండోసారి కట్టాలి. అంత మొత్తమూ ధరలో తగ్గించమనండి. తగ్గించకపోతే వేరే బండి చూసుకోండి, 2002వి ఇంకా చాలానే అమ్మకానికి ఉన్నాయి.