మారేడు కషాయానికి జోన్ రాలేదా? ప్రాజెక్టు ఏమీ పోలేదు

తమ్ముడూ, మీ నాయనమ్మ విరేచనాలకు ఇచ్చే మారేడు కషాయాన్ని ఈ-కోలై బాక్టీరియా పెంచిన ప్లేటులో చిన్న గుంట (బావి) చేసి పోస్తే దాని చుట్టూ జోన్, అంటే బాక్టీరియా పెరగని ఖాళీ వలయం, రాలేదని టెన్షన్ పడుతున్నావు. ఆ ప్లేటు చెప్పేది ఒక్కటే, క్రిమి పెరుగుదల ఆగిందా లేదా అని. విరేచనాలు తగ్గడానికి పెరుగుదల ఆగనక్కర్లేదు, క్రిమి చావనక్కర్లేదు. 2009లో ముంబై పరిశోధకులు పచ్చికాయ కషాయాన్ని ఆరు రకాల బాక్టీరియా మీద పరీక్షిస్తే ఒక్కటీ చావలేదు. కానీ అవి కణాలకు అతుక్కోవడం, లోపలికి చొరబడటం బాగా తగ్గాయి. కలరా విషం తయారీ మీదా ప్రభావం కనబడింది. నీకు జోన్ రాకపోవడం వాళ్ల ఫలితంతో కలిసినట్టే!

ఇంతకీ నువ్వు వాడింది పచ్చికాయేనా? పండైతే మన పెద్దలు మలబద్ధకానికి ఇచ్చేవారు, కథే వేరు. ఇంకోటి, కాయలోని టానిన్లు (వగరు పదార్థాలు) ప్లేటులోని అగర్ జెల్లీలో సరిగా పాకవు. అందుకే ట్యూబుల్లో బ్రాత్‌తో (బాక్టీరియా పెరిగే ద్రవంతో) మళ్లీ చెయ్యి, పోల్చడానికి కషాయం లేని ట్యూబు ఒకటి పక్కన పెట్టుకో. గుజ్జు బంక పిపెట్‌కు అంటుకుని చిరాకు పెడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రంలో) తిప్పి పైతేట మాత్రమే తీసుకో.

ఎలుకలకు ఆముదం పట్టించి విరేచనాలు తెప్పించే పరీక్ష జోలికి మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా వెళ్లకు.