చిన్న పాదాలకు స్కీ బూట్లు: పెద్దమ్మ ఉత్తరం

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు రోజుల స్కీయింగ్‌కే రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయని, మధ్యాహ్నానికల్లా పాదాలు మొద్దుబారిపోయేవని రాశావు. చివర్లో "నా పాదాలు మరీ చిన్నవి పెద్దమ్మా, ఈ ఆట నాకు రాసిపెట్టి లేదేమో" అన్నావు చూడు, ఆ మాటకి మనసు చివుక్కుమంది. ఒకప్పుడు నేనూ అదే అనుకుని ఏడ్చినదాన్ని. లోపం నీ పాదాల్లో లేదు. నీకు ఇచ్చిన బూట్లు పెద్దవి.

అవును, పెద్దవి. గోరు నల్లబడితే బూటు బిగుతైందని అందరూ అంటారు. అలా జరగకపోదు కానీ, చిన్న పాదాలున్న ఆడవాళ్ల విషయంలో చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. బూటు పొడవు ఎక్కువైతే మడమ వెనక కుదురుగా కూర్చోదు. వాలు మీద దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు గోడకు కొట్టుకుంటాయి, రోజంతా అదే పని. ఆ జారుడు ఆపడానికి బకిళ్లు ఇంకా బిగిస్తాం. అప్పుడు మీగాలి మీద నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయి కాలు తిమ్మిరెక్కుతుంది, చల్లబడుతుంది. చలేస్తోందని ఇంకో జత సాక్సులు వేస్తాం, లోపల ఇంకా ఇరుకు. నీ మూడు రోజులూ ఇలాగే గడిచాయని నువ్వు చెప్పకుండానే నాకు తెలుస్తోంది.

నా మొదటి జత కొన్న షాపులో నా సైజు లేదు. "కాస్త వదులుంటేనే హాయి, మందం సాక్సులు వేసుకోండి" అని ఒక సైజు పెద్దది చేతిలో పెట్టారు. రెండు సీజన్లు వాటితోనే తిప్పలు పడ్డాను. ఎడమవైపు తిరగడం నాకు చేతకాదనుకున్నాను. నిజానికి నేను కాలు వంచితే ముందు లోపల పాదం కదిలేది, ఆ తర్వాతే బూటు, చివరికెప్పుడో స్కీ. సరైన జత దొరికిన రోజు మొదటి మలుపులోనే తేడా తెలిసింది. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ముందు ఇంట్లో పాదాలు కొలుచుకో. సాయంత్రం పూట కొలువు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. గోడ దగ్గర కాగితం పరిచి, మడమ గోడకు ఆనించి, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడు. అన్నిటికన్నా పొడుగు వేలి కొస దగ్గర గీత పెట్టు. బొటనవేలి కన్నా రెండో వేలు పొడుగుంటే అదే లెక్క. రెండు కాళ్లూ కొలువు, ఒకేలా ఉండవు. కూర్చుని కొలిస్తే తక్కువొస్తుంది, ఎందుకంటే నిలబడితే పాదం కింది వంపు కాస్త దిగి పాదం సాగుతుంది.

స్కీ బూట్ల సైజును మాండోపాయింట్ అంటారు. అందులో చిక్కేమీ లేదు, పాదం పొడవు సెంటీమీటర్లలో ఎంతో అదే సైజు. నీ పాదం 22.3 వస్తే నీ సైజు 22.5. మామూలు చెప్పుల సైజు చెప్పి, దాన్నుంచి లెక్క కట్టించుకోకు. అక్కడే సగం పొరపాట్లు మొదలవుతాయి. ఇంకో సంగతి షాపుల్లో వాళ్లంతట వాళ్లు చెప్పరు. సాధారణంగా 22, 22.5 రెండింటికీ బయటి ప్లాస్టిక్ షెల్ ఒకటే. తేడా లోపల పాదం కింద పరిచే ఇన్సోల్ మందంలోనో, షెల్ లోపలుండే మెత్తటి తొడుగు, అంటే లైనర్‌లోనో ఉంటుంది. కాబట్టి "22 లేదు, 22.5 ఉంది" అంటే కంగారు పడక్కర్లేదు. "22.5 లేదు, 23 ఉంది" అంటే మాత్రం ఒప్పుకోకు. చూడ్డానికి అర సైజే కానీ, అక్కడ షెల్ మొత్తం మారిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకో. బూటులోంచి లైనర్ బయటికి లాగేయి. ఖాళీ షెల్‌లో సన్నటి సాక్సు వేసిన కాలు పెట్టి, వేళ్లు ముందు గోడకు తేలిగ్గా తగిలేదాకా జరుపు. మోకాలు కొంచెం వంచి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడు. 1.5 సెంటీమీటర్ల దగ్గర ఉంటే చక్కగా సరిపోయినట్టు. 2 దాకా ఫర్వాలేదు. గట్టిగా, వేగంగా స్కీ చేసేవాళ్లు 1 సెంటీమీటరు చాలంటారు, కానీ నీకిప్పుడే అంత బిగుతు వద్దు. 2.5 దాటితే లైనర్ ఎంత మెత్తగా ఉన్నా, ధర ఎంత తగ్గించినా పక్కన పెట్టేయి. షాపులో అబ్బాయి తన రెండు వేళ్లు పెట్టి చూసి బాగుందంటాడు. అతని వేళ్ల లావు నీ పాదానికి కొలత కాదు. 15 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క ముక్కో, గుండ్రటి పుల్లో సంచిలో వేసుకెళ్లు. అడగడానికి మొహమాటపడకు తల్లీ. లైనర్ తీసి చూపించడానికి ఇష్టపడని చోట బూట్లు కొనకు.

లైనర్ లోపల పెట్టి తొడుక్కుని ఇదంతా ఎందుకు తెలుసుకోలేమంటావేమో. కొత్త లైనర్‌లో ఫోమ్ దిట్టంగా ఉండి పెద్ద బూటు కూడా బిగుతుగానే అనిపిస్తుంది. కొన్ని రోజులు వాడేసరికి అది అణిగిపోయి, లోపల ఖాళీ పెరుగుతుంది. షెల్ పొడవు మాత్రం ఎప్పటికీ అంతే. షాపులో హాయిగా, మెత్తగా ఉన్న బూటు సీజన్ సగం దాటేసరికి వదులవడానికి కారణం ఇదే.

పొడవు కుదిరాక వెడల్పు సంగతి. దీన్ని లాస్ట్ అంటారు, మిల్లీమీటర్లలో రాస్తారు. 97, 98 అంటే సన్నం, 100 మధ్యరకం, 102 పైన వెడల్పు. అయితే ఆ అంకె సాధారణంగా 26.5 సైజు బూటును కొలిచి రాసింది. సైజు ఒకటి తగ్గిన కొద్దీ వెడల్పు కూడా సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గుతూ వస్తుంది. అంటే 98 అని రాసిన బూటు 22.5 సైజులో అసలు 90 దగ్గర ఉంటుంది! పొట్టిగా ఉండి ముందువైపు వెడల్పుగా ఉన్న పాదం అందులో నలిగిపోతుంది. అప్పుడు అమ్మేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? పక్కలు నొక్కుతున్నాయంటే పొడవు ఎక్కువున్న బూటు తెచ్చిస్తారు. మనలాంటి వాళ్లు పెద్ద బూట్లలోకి వెళ్లిపడేది ఎక్కువగా ఈ దారిలోనే. పక్కలు నొక్కితే అదే పొడవులో ఎక్కువ లాస్ట్ ఉన్న మోడల్ అడుగు. అదీ లేకపోతే, బూట్లను కాలికి సరిచేసే బూట్ ఫిట్టర్ ప్లాస్టిక్‌ని వేడిచేసి నొక్కే చోట బయటికి ఉబ్బేలా చేస్తాడు, దాన్నే పంచ్ చేయడం అంటారు. పొడవు ఎక్కువైన షెల్‌ని పొట్టి చేసే ఉపాయం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పిల్లల బూట్ల మాట అడిగావు. 22 కంటే చిన్న పాదమంటే చాలా షాపుల్లో నేరుగా పిల్లల బూట్ల వైపు తీసుకెళ్తారు. ఆడవాళ్ల మోడళ్లు చాలావరకు 22 దగ్గరే మొదలవుతాయి, 21.5 అరుదు. అది నిజమే. అయినా మామూలు పిల్లల బూట్లు నీకు వద్దు. వాటిని తేలికైన పిల్లల బరువుకి, సన్నని పిక్కలకి చేస్తారు. బకిళ్లు తక్కువ, ప్లాస్టిక్ మెత్తన, పిక్క చుట్టూ ఉండే పై భాగం, అంటే కాలర్, పొట్టి. పెద్దవాళ్లు బరువు ముందుకు వేస్తే అవి మడత పడిపోతాయి, ఆసరా ఉండదు. పోటీల్లో దిగే పిల్లల కోసం జూనియర్ రేస్ బూట్లని వేరే రకం ఉంటాయి. గట్టి ప్లాస్టిక్, సరైన బకిళ్లు, చిన్న సైజులు. మరో దారి లేకపోతే వాటిని మంచి ఫిట్టర్ చేత నీ కాలికి సరిచేయించుకోవచ్చు. కానీ కొన్ని పిల్లల బూట్ల అడుగుభాగం పెద్దవాళ్ల ప్రమాణంలో ఉండదు. బూటును స్కీకి బిగించి పట్టుకునే బైండింగ్స్ ఉంటాయి కదా, పెద్దవాళ్లవి అన్నీ దాన్ని పట్టుకోవు. నీ బైండింగ్ ఆ అడుగుకి సరిపోతుందో లేదో టెక్నీషియన్‌ని అడగకుండా డబ్బు కట్టకు.

పిక్క సంగతి మన ఆడవాళ్లకు ముఖ్యం. చాలామంది ఆడవాళ్లకు పిక్క కండ కిందికి దిగి ఉంటుంది, పొట్టివాళ్లకైతే బూటు పై అంచు సరిగ్గా ఆ కండ మీదికే వస్తుంది. పై బకిల్ పెట్టలేక, పెట్టినా పిక్క పట్టేసి బాధ. ఆడవాళ్ల బూట్లలో కాలర్ కాస్త పొట్టిగా, పైన వెడల్పుగా చేస్తారు. వాటిలోనూ వెనక తీసేయగలిగే ముక్క ఉంటే తీయించవచ్చు, బకిల్ జరిపించవచ్చు, మడమ కింద సన్నటి దిమ్మ పెట్టించవచ్చు. వీటిలో ఏది అవసరమో కాలు చూసి ఫిట్టరే చెప్పాలి.

ఫ్లెక్స్ అంకె గురించి ఎక్కువ టెన్షన్ పడకు. బూటు ఎంత గట్టిగా వంగుతుందో చెప్పే అంకె అది. ఒక కంపెనీ 80, ఇంకో కంపెనీ 80 ఒకలా ఉండవు. షాపు వెచ్చదనంలో ఒకలా, మంచులో ఇంకాస్త గట్టిగా ఉంటుంది. నువ్వు తేలికదానివి, ఇంకా నేర్చుకుంటున్నావు. బకిళ్లు పెట్టి మోకాళ్లు ముందుకు తోస్తే చీలమండ దగ్గర వంగాలి, కానీ కుప్పకూలకూడదు. అస్సలు వంగకపోతే నీకు తెలియకుండానే వెనక్కి వాలిపోతావు, స్కీలు నీ మాట వినవు.

షాపుకి సాయంత్రమే వెళ్లు. మోకాలి దాకా వచ్చే సన్నటి స్కీ సాక్సులు ఒక్క జత వేసుకో, లోపల ప్యాంటు అంచు గానీ ఇంకేదైనా గానీ దూరకూడదు. బూటు తొడుక్కుని మడమను నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టు. ముందు మీగాలి మీది బకిల్, తర్వాత పైవి, వేళ్ల దగ్గరివి ఊరికే మూసినట్టు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి. కంగారుపడి తీసేయకు. మోకాళ్లు వంచితే మడమ వెనక్కి వెళ్లి వేళ్లు కాస్త వదులవుతాయి. ముందుకు వంగినప్పుడు మడమ పైకి లేవకూడదు. ఇరవై నిమిషాలు, కుదిరితే అరగంట వేసుకునే ఉండు. పాదమంతా ఒకేలా పట్టి ఉంచినట్టుంటే మంచిదే. ఒక్కచోట సూదిలా గుచ్చితే, లేదా తిమ్మిరెక్కితే, అది తర్వాత సర్దుకుంటుందని ఎవరు చెప్పినా నమ్మకు.

ఇన్సోల్‌కి డబ్బు వెనకాడకు. బూటుతో వచ్చేది చాలాసార్లు పల్చటి అట్టలాంటిది. పాదం కింది వంపుకి ఆసరా దొరికితే పాదం సాగిపోదు, మడమ కదలదు, బకిళ్లు అంత బిగించాల్సిన పనీ ఉండదు. ఈమధ్య బకిళ్ల బదులు తిప్పే బోవా డయల్ ఉన్న బూట్లు వస్తున్నాయి. మీగాలి మీద సమానంగా బిగుస్తాయి, బాగున్నాయి. కానీ పెద్ద షెల్‌ని అవి కూడా చిన్నది చేయలేవు.

పాత బూట్లు చవగ్గా దొరికితే ఆశపడకు. ఏళ్లు గడిచిన ప్లాస్టిక్ పైకి బాగానే కనిపించి వాలు మీద పగిలిపోవచ్చు.

ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించింది. బూటు మారితే బైండింగ్ మళ్లీ సెట్ చేయించాలి. మడమ పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది, అది బూటు అడుగు పొడవు. నీ బరువు, ఎత్తు, వయసు, స్కీ చేసే తీరుతో పాటు ఆ పొడవు కూడా లెక్కలోకి తీసుకునే, పడినప్పుడు బైండింగ్ ఎంత బలానికి విడిపోవాలో నిర్ణయిస్తారు. స్నేహితురాలి స్కీలకు నీ బూటు పట్టింది కదా అని ఎక్కేయకు. మోకాలు పోతే తిరిగి రాదు.

గోళ్లు పూర్తిగా మానేదాకా ఆగు, తొందరేం లేదు. షాపుకి వెళ్లిన రోజు రెండు కాళ్లకీ మడమ వెనక ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ వచ్చిందో, బూటు మీద లాస్ట్ ఎంతుందో నాకు రాసి పంపు. అది చూసి చెప్తాను. ఆ తర్వాతే డబ్బు కట్టు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ